రంగపిళ్ళై వీధిలో ల్యాప్‌టాప్

కాకినాడ పోర్టు నుంచి పుదుచ్చేరి దాకా వెళ్ళే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే యానాం వాళ్ళు ఎవరో ఒకరు తోడు దొరుకుతారు. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే. గౌతమీ గోదావరి గట్టు, గోదావరి యాస, పులస రోజుల్లో అదే హడావిడి. ప్రభుత్వం మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. 1723లో ఫ్రెంచివాళ్ళు యానాంలో వర్తకానికి దిగినప్పుడు పడిన ముడి అది. 1954లో వాళ్ళు వెళ్ళిపోయినా ముడి విడలేదు. పెద్దాఫీసులో పనున్నా, యూనివర్సిటీలో చదువున్నా యానాం కుటుంబాలు రాత్రంతా రైల్లో గడపాల్సిందే.

నా ఎదురు బెర్తులో అలాంటి మామ్మగారొకరు, ఆవిడ మనవరాలు. అమ్మాయి కలాపేటలోని పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. దీపావళికి ఇంటికొచ్చి తిరిగి వెళ్తోంది. సామర్లకోట దాటాక మామ్మగారు సామాను సర్దడం మొదలుపెట్టారు. పెద్ద సూట్‌కేసును కింది బెర్తు అడుగుకు తోసి, అక్కడ బిగించి ఉన్న ఇనప రింగులోంచి గొలుసు దూర్చి తాళం వేశారు. ఆవకాయ జాడీ ఉన్న సంచిని విడిగా కొక్కేనికి తగిలించారు. చివరికి అమ్మాయి వీపుసంచి దగ్గరికొచ్చారు. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటు ఇచ్చిన సంచి అది. మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది.

“ఇందులో ఏముందో ఊరందరికీ చాటింపేసుకుంటా పోతావేంటే?” అన్నారావిడ. ల్యాప్‌టాప్ బయటికి తీసి, పాత నేత దుప్పటి రెండు మడతలు చుట్టి, రాజమండ్రి బట్టల కొట్టు సంచిలో పెట్టారు. దాని మీద రెండు చీరలు, ఒక తువ్వాలు. ఆ సంచి తలకింద పెట్టుకుని పట్టీలను మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకున్నారు. “నిద్దరట్టినా పర్లేదు బాబూ, ఎవడన్నా లాగితే చెయ్యే చెబుద్ది” అన్నారు నాతో.

ప్రయాణంలో ల్యాప్‌టాప్‌ను కాపాడుకోవడం గురించి ఇంతకన్నా మంచి సలహా నేనెక్కడా వినలేదు. రైల్లో దొంగకు వెతికే తీరిక ఉండదు, సంచి ఆకారం చూసి ఎంచుకుంటాడు. గొలుసూ తాళమూ పెద్ద సూట్‌కేసుకు పనికొస్తాయి. గుడ్డసంచికి ఎంత గొలుసు వేసినా పక్కన బ్లేడుతో ఒక కోత కోస్తే చాలు. స్లీపరు క్లాసులో ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు కిటికీ పక్కన ఒళ్ళో తెరిచి పెట్టుకున్న ల్యాప్‌టాప్ బయటి చేతికి అందుతుంది. ఇక చార్జింగు. చాలా బళ్ళలో రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఆ పాయింట్లకు కరెంటు ఆపేస్తారు కాబట్టి, ప్లగ్గుకు వేలాడదీసి పడుకోవడం వల్ల బ్యాటరీ నిండదు, వస్తువు పోయే దారి మాత్రం తెరుచుకుంటుంది. పడుకునే ముందే నింపుకుని తలకిందికి చేర్చుకోవడం మేలు.

మామ్మగారికి చట్టం సంగతి తెలియదు గానీ, చట్టం కూడా నీ వస్తువు నువ్వే చూసుకో అంటుంది. 1989 నాటి రైల్వే చట్టంలో 100వ సెక్షన్ ఉంది. మన చేతిలో ఉన్న సామాను పోతే, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్లే పోయిందని మనం రుజువు చేయగలిగితేనే రైల్వే బాధ్యత. 2005లో కాశీ విశ్వనాథ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక బట్టల వ్యాపారి నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు దొంగలు కొట్టేశారు. వినియోగదారుల ఫోరాల్లో ఆయన గెలుస్తూ వచ్చాడు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. ప్రయాణికుడు తన సొత్తు తాను కాపాడుకోలేకపోతే దాన్ని రైల్వే సేవాలోపం అనలేమంది. నాకు ఈ తీర్పు కష్టంగానే తోచింది. రిజర్వేషన్ డబ్బాలోకి ఎవరు పడితే వాళ్ళు ఎక్కుతుంటే నిద్రపోయే మనిషి ఎంతసేపని కాపలా కాస్తాడు? అయినా బండెక్కేటప్పుడు తెలిసి ఉండాల్సిన విషయం.

వస్తువు పోయిందని తెలిశాక నడిదారిలో దిగి పరుగులు పెట్టనక్కర్లేదు. 139కి ఫోన్ చేయొచ్చు. టీటీఈ దగ్గర, గార్డు దగ్గర, ఎస్కార్ట్ పోలీసుల దగ్గర ఫిర్యాదు ఫారాలుంటాయి. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్లోనైనా చెప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. స్టేషన్‌కు వెళ్ళగానే అడిగేది సీరియల్ నంబరు. అది ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది, అంటే ల్యాప్‌టాప్‌తోపాటే పోతుంది. బిల్లునూ, అట్టపెట్టె మీది చీటీనీ ఫొటో తీసి ఫోన్లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకోవాలి. ఫోను పోతే సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు చెప్పి దేశమంతటా పనిచేయకుండా ఆపించవచ్చు. 2023 నుంచి ఆ సౌకర్యం దేశమంతటా ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌కు ఐఎంఈఐ ఉండదు. దొంగ చేతికి చిక్కిన ల్యాప్‌టాప్‌ను మూగబోయేట్టు చేసే ఏర్పాటు సర్కారు వైపు నుంచి లేదు. మనం ముందే చేసుకుని ఉండాలి.

నా సంచిలోనూ ల్యాప్‌టాప్ ఉంది. ఆనందరంగ పిళ్ళై మీద పుస్తకం రాస్తున్నాను. అందుకోసం చదివిన వాటి నోట్సు, లైబ్రరీల్లో తీసుకున్న ఫొటోలు, సగం రాసిన అధ్యాయాలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. వస్తువు ఖరీదు అంగడిలో తెలుస్తుంది. లోపలున్న పని ఖరీదు పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది. ఈ ప్రయాణం పొడుగునా నేను ఆలోచించింది ఆ రెండో దాని గురించే.

విల్లుపురంలో బండి పెద్దలైను వదిలి పుదుచ్చేరి కొమ్మలైను పట్టింది. 1879లో వేసిన లైను అది. పట్టాలకు రెండువైపులా వానకు నిండిన వరి మడులు. ఊళ్ళో దిగేసరికి సన్నగా చినుకులు. కార్తీకంలో ఇక్కడ ఈశాన్య రుతుపవనం జోరు మీద ఉంటుంది. మన కోస్తాకు తెలిసిన వానే గానీ, ఈ ఊళ్ళో సముద్రం మరీ దగ్గర. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఉన్న తెల్లపట్నంలో సముద్రం వైపు సాగే ఏ వీధిలో నిలబడి తూర్పుకు తిరిగినా చివర నీళ్ళే కనిపిస్తాయి. ర్యూ ద్యుమా, ర్యూ సఫ్రన్, ర్యూ రోమ రోలా అంటూ గోడల మీద నీలం పలకలు, వాటి మీద ఫ్రెంచీ తమిళమూ. ఎర్ర టోపీల పోలీసులు. పెద్దకాలువకు ఇవతల తమిళ పట్నం, అరుగులు, పెంకుటిళ్ళు.

నేను దిగిన బస చిన్నది. గదిలో గోడకు బిగించిన డిజిటల్ లాకరుంది. పాస్‌పోర్టుకూ నగలకూ సరిపోతుంది గానీ 15 అంగుళాల ల్యాప్‌టాప్ పట్టదు. పైగా అంకెలు మరిచిపోయిన అతిథుల కోసం అలాంటి లాకర్లకు ఇంకో మార్గం ఉంచుతారు కాబట్టి అది పూర్తి భరోసా కాదు. విలువైనది వదిలి వెళ్ళాల్సి వస్తే రిసెప్షన్లో అప్పగించి, ఏం ఇచ్చామో రాసిన చీటీ తీసుకోవడం నయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్, ఒకరి వస్తువును భద్రపరచడానికి తీసుకున్నవాడు, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూడాలంటుంది. చీటీ లేకపోతే అప్పగించినట్టు రుజువు లేదు. నేను చీటీ అడిగితే కౌంటర్లో కుర్రాడు ఏమీ అనుకోలేదు, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు. ఒక రోజు అరోవిల్‌కు వెళ్ళాను. అక్కడ మాతృమందిరం లోపలికి సంచులూ ఫోన్లూ తీసుకెళ్ళనివ్వరు. ఆ రోజు నా ల్యాప్‌టాప్ రిసెప్షన్ బీరువాలోనే ఉంది.

కాఫీ హోటళ్ళలో ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చునే యువతీయువకులు ఈ ఊళ్ళో కొల్లలు. ఇంటి నుంచే పని చేసుకునే ఉద్యోగాలు వచ్చాక హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి వారాల తరబడి వచ్చి ఉంటున్నారు. కౌంటర్ దగ్గర కాఫీ తెచ్చుకోవడానికి లేచినప్పుడు తెర అలా వెలుగుతూ వదిలేస్తారు. 1992లో కెన్సింగ్టన్ కంపెనీ ఇలాంటి క్షణాల కోసమే ల్యాప్‌టాప్‌కు సన్నని ఉక్కు తీగ తాళం చేసింది. పక్కన చిన్న పొడుగాటి రంధ్రముంటే అది ఆ తాళం కోసమే. సన్నబడిన కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ రంధ్రమే తీసేశారు. కాఫీ హోటల్ వైఫై బదులు ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోవడమే నా పద్ధతి. హోటల్ పేరుతోనే ఇంకెవరైనా వైఫై పెట్టవచ్చు, పేరు చూసి అసలేదో నకిలీ ఏదో చెప్పలేం.

మామ్మగారి మనవరాలి ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ సరిగా ఎక్కడం లేదు. కలాపేటలో హాస్టల్ సముద్రానికి దగ్గర. నెహ్రూ వీధి వెనక సందులో తెలుగు మాట్లాడే మెకానిక్ ఉన్నాడని రైల్లోనే చెప్పింది. ఊళ్ళో నాకూ పనుంది కాబట్టి వాళ్ళతో కలిసి వెళ్ళాను. షాపు పట్టుమని పది అడుగుల వెడల్పు లేదు. మెకానిక్‌కు యాభై దాటి ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదువుకున్న మనిషి. తాతల నాటి నుంచి ఇక్కడే.

ఆయన ల్యాప్‌టాప్‌ను దీపం కిందికి లాగి, భూతద్దం తిప్పి నన్నూ అమ్మాయినీ చూడమన్నాడు. చార్జింగ్ పెట్టే సి-టైపు పోర్టు లోపల నాలుక మీద బంగారు రంగు గీతలు వరసగా ఉండాలి. వాటిలో మూడు నాలుగింటి అంచుల్లో ఆకుపచ్చగా, తెల్లగా పొక్కు కట్టింది. మూలలో రెండు ఇసుక రేణువులు.

“ఉప్పు గాలి సార్. కంటికి అగపడదు. లోపల ఫ్యాన్ ఉండాది కదా, అది పీల్చుకుంటానే ఉంటది. మీరు బీచి ముందర తెరిచి పెట్టి సినిమా చూస్తే రెండు గంటలు సముద్రాన్ని లోపలికి తాగించినట్టే.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర ఆరిపోయి ఉప్పు పొడి గాల్లో మిగులుతుంది. అది లోహం మీద వాలుతుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తనే పీల్చుకుని కరిగి ఉప్పునీటి పొర అవుతుంది. కరెంటు పారే రాగి మీద ఆ పొర ఉంటే తినేయడం మొదలవుతుంది. వానాకాలంలో ఈ తీరాన తేమ 75 దాటని రాత్రులు తక్కువ. ఇంకో ప్రమాదం ఏసీ గదుల వల్ల. రాత్రంతా చల్లబడిన ల్యాప్‌టాప్‌ను పొద్దున్నే ఉక్కగా ఉన్న వరండాలోకి తెచ్చి వెంటనే తెరిస్తే, చల్లటి లోహం మీద లోపలా బయటా నీటి చెమ్మ పడుతుంది. సంచిలోంచి తీయకుండా అరగంట ఆగితే గది బయటి వేడికి అలవాటు పడుతుంది. ఎండాకాలంలో వచ్చేవాళ్ళకు ఇంకోటి. అద్దె స్కూటరు డిక్కీలో ల్యాప్‌టాప్ పెట్టి ఎండలో వదలకూడదు. ఆపిల్ కంపెనీ తన ల్యాప్‌టాప్‌లను 45 డిగ్రీలకు మించిన వేడిలో దాచవద్దంటుంది. మూసిన డిక్కీ ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

మెకానిక్ పాత టూత్‌బ్రష్షును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచాడు. ఇలాంటి షాపుల్లో దాన్ని ఐపీఏ అంటారు. ముందు బ్యాటరీ తీగ లోపల ఊడదీసి, అప్పుడు పోర్టును మెల్లగా రుద్దాడు. పొక్కు పోయింది, ఒక గీత మాత్రం నల్లగానే మిగిలింది. ప్రస్తుతానికి ఎక్కుతుంది, ఏడాదిలో పోర్టు మార్చాలన్నాడు. ల్యాప్‌టాప్ సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోమన్నాడు. అవి తేమ తాగి నిండిపోతాయి కాబట్టి అప్పుడప్పుడూ మార్చాలి.

మాటల్లో ఫెంగల్ తుపాను వచ్చింది. 2024 నవంబరు 30 రాత్రి అది పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి, కదలకుండా కూర్చుంది. ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన. పల్లపు కాలనీల్లో మంచాల ఎత్తున నీళ్ళు. ఆ తర్వాతి వారమంతా ఈ షాపు ముందు తడిసిన ల్యాప్‌టాప్‌లు పట్టుకుని జనం నిలబడ్డారట.

“ఒక్కరు కూడా మిషను బాగుచెయ్యి అని మొదలుపెట్టలేదు సార్. అందరూ ఒకటే మాట, లోపలుండేది తీసి ఇవ్వు. పెళ్ళి ఫొటోలు, కంపెనీ లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు. డిస్కు విడిగా ఊడొచ్చే మిషన్లలో చాలామందికి తీసిచ్చినా. బోర్డు మీదే అతికించిన మెమరీ ఉంటే బోర్డు చచ్చిందంటే అంతే. ఆరబెట్టకముందే స్విచ్చి వేసి చూసినారు చూడండి, వాళ్ళవి అయితే చాలావరకు పోయినాయి.”

నీళ్ళు పడిన ల్యాప్‌టాప్ పనిచేస్తోందో లేదో అని వెంటనే చూడాలనిపిస్తుంది. అదే దాన్ని చంపుతుంది. పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయాలి, చార్జరు పీకాలి, తెరిచి బోర్లించి ఉంచాలి, ఆ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి. జుట్టు ఆరబెట్టే డ్రయర్ పెడితే నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి.

మామ్మగారు అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. “మరి దీని చదువంతా ఇందులోనే ఉందిగా. ఇది మునిగితే ఏం చేస్తది?” అమ్మాయి అప్పటికప్పుడు అదే షాపులో అరచేతిలో పట్టే డిస్కు కొంది. రెండేళ్ళ నోట్సు, ప్రాజెక్టు ఫైళ్ళు దానిలోకి ఎక్కించింది. ఎక్కించేముందు డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టించాడు మెకానిక్. ఆ డిస్కు మామ్మగారితో యానాం వెళ్ళింది. కంప్యూటర్ వాళ్ళు ఎప్పటి నుంచో ఒక లెక్క చెబుతారు. ఏ పనికైనా మొత్తం మూడు ప్రతులుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. ఒకే తుపాను యానాంనూ పుదుచ్చేరినీ ఒకే రాత్రి ముంచదు.

డిస్కుకు పాస్‌వర్డ్ ఎందుకో వివరంగా చెప్పాలి. ల్యాప్‌టాప్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్‌తో అంతా భద్రమని చాలామంది నమ్మకం. ఎన్‌క్రిప్షన్ లేకపోతే అది వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టడమే. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే నిమిషాల్లో అన్ని ఫైళ్ళూ కనిపిస్తాయి. ఆ పని ఈ మెకానిక్ తుపాను బాధితుల మేలు కోసం చేశాడు, దొంగ తన మేలు కోసం చేస్తాడు. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేసి ఉంటే ఊడదీసిన డిస్కులో అర్థంలేని చెత్త తప్ప ఏమీ దొరకదు. బిట్‌లాకర్‌కు 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే లాభం లేదు. కాగితం మీద రాసి ఇంట్లో ఉంచాలి. ల్యాప్‌టాపూ ఫోనూ ఒకే సంచిలో పోయిన మనిషికి ఇంకో చిక్కు వస్తుంది. పాస్‌వర్డ్ గుర్తున్నా ఓటీపీ పోయిన ఫోనుకే వెళ్తుంది. మెయిల్ ఖాతాకు ముందుగా తీసిపెట్టుకునే బ్యాకప్ కోడ్‌లు అప్పుడు ఆదుకుంటాయి. నేను ఫోను చొక్కా జేబులో, ల్యాప్‌టాప్ సంచిలో, కోడ్‌ల కాగితం మా ఆవిడ దగ్గర ఉంచుతాను.

విమానంలో వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. 2024 డిసెంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరులకు పుదుచ్చేరి నుంచి ఇండిగో ఏటీఆర్ విమానాలు నడుపుతోంది. ఏటీఆర్ చిన్నది, పైన సామాను అర ఇరుకు. చేతిసంచి పెద్దదైతే మెట్ల దగ్గరే తీసుకుని కింద లగేజీలో వేస్తారు. ఆ క్షణంలో ల్యాప్‌టాప్‌నూ పవర్‌బ్యాంకునూ బయటికి తీసి చేతిలో పెట్టుకోవాలి. పవర్‌బ్యాంకు కింద లగేజీలోకి అసలు పోకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్లో ఆర్పేవాళ్ళుంటారు, కింద ఉండరు.

ఇక నేను వచ్చిన పని. రంగపిళ్ళై వీధి గూబేర్ మార్కెట్‌ను ఆనుకుని ఉంటుంది. చేపల బుట్టలు, పూలదండలు, ఇత్తడి సామాను, స్కూటర్ల హారన్లు. ఆ రద్దీలో ఆనందరంగ పిళ్ళై కట్టించిన ఇల్లుంది. కింది అంతస్తు చెక్కిన కొయ్య స్తంభాలతో మన పద్ధతి, పై అంతస్తు సున్నపు స్తంభాలతో ఫ్రెంచి పద్ధతి. 1709లో పుట్టిన పిళ్ళై ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా ఉన్నాడు. వ్యాపారి, రాజకీయం తెలిసిన మనిషి, కవులను పోషించినవాడు. కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణ గ్రంథాన్ని ఆయన పేరనే రాశాడు. తమిళ దేశంలో, ఫ్రెంచి కోట నీడలో, తెలుగు ఛందస్సు మీద పుస్తకం పుట్టిన ఊరిది. మన సాహిత్య చరిత్రలో ఈ మాట ఒక వాక్యంలో దాటిపోతారు, నాకది చాలదనిపించే ఈ పుస్తకానికి దిగాను.

పిళ్ళై 1736 సెప్టెంబరులో డైరీ మొదలుపెట్టి 1761లో చనిపోయే దాకా తమిళంలో రాశాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, డూప్లే ఏమన్నాడు, డూప్లే భార్య ఏమన్నది, యుద్ధవార్తలు, జాతకాలు, ఇంటి గొడవలు, ఏదీ వదల్లేదు. 1761 జనవరిలో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కిన రోజుల్లోనే ఆయన పోయాడు. ఇంగ్లీషువాళ్ళు కోటను నేలమట్టం చేశారు, తెల్లపట్నంలో చాలా భాగం కూల్చేశారు. ఆ శిథిలాల పక్కన ఈ ఇంట్లో డైరీ పుస్తకాలు ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ పట్టకుండా పడున్నాయి.

1846లో గల్వా-మోంబ్రన్ అనే ఫ్రెంచివాడి కంట అవి పడ్డాయి. ఆయన చేసిన గొప్ప పని నకలు రాయించడం. కొద్ది ఏళ్ళకే ఆరియెల్ అనే ఇంకో అధికారి మరో నకలు రాయించాడు. అది పారిస్ జాతీయ గ్రంథాలయానికి చేరింది. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం ఇంకో నకలు రాయించుకుని ఇంగ్లీషు అనువాదానికి పూనుకుంది. 1904 నుంచి 1928 దాకా 12 సంపుటాలు వచ్చాయి. డైరీలో ఇప్పటికీ ఖాళీలున్నాయి. దొరికినదాన్ని మనం చదువుతున్నామంటే ఒక ఊళ్ళో ఒక ప్రతి, ఇంకో దేశంలో ఇంకో ప్రతి ఉండబట్టే. పుస్తకం ఇంట్లో భద్రంగా ఉందిలే అని మోంబ్రన్ ఊరుకుని ఉంటే, చెదలకూ చెమ్మకూ ఎంత వదిలేసేవాళ్ళమో.

సెయింట్ లూయీ వీధిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌ది కూడా ఇదే కథ. జాన్ ఫిలియోజా 1955లో దాన్ని స్థాపించాక దక్షిణాది ఊళ్ళ నుంచి శైవాగమాల తాటాకు ప్రతులు సేకరించారు. ఇవ్వడానికి ఇష్టపడని ఇళ్ళ నుంచీ గుళ్ళ నుంచీ ప్రతిని అడిగి తెచ్చి, కాగితం మీద నకలు రాయించుకుని, తిరిగి ఇచ్చేశారు. ఊళ్ళో ఉన్న శైవ రాతప్రతులు సుమారు 11,000. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తాటాకుకు నిమ్మగడ్డి నూనె రాసి, గుడ్డ చుట్టి, గాలి తగిలే చోట పెట్టి ఎంత కాపాడినా దానికో ఆయుష్షుంది. ఈ తీరంలో ఆ ఆయుష్షు ఇంకా తక్కువ. కాబట్టే మన పూర్వులు ఒక ప్రతి శిథిలం కాకముందే ఇంకో ప్రతి రాయించేవారు. ఇప్పుడు ఆ తాటాకులకు డిజిటల్ ఫొటోలూ తీశారు.

ఇవన్నీ చూసి గదికొచ్చాక మన తెలుగు రచయితల గురించే ఆలోచన. మనవాళ్ళలో చాలామంది రాత ఈనాటికీ ఒకే డిస్కు మీద ఉంది. ఒక్కోసారి అది వాళ్ళ డిస్కు కూడా కాదు, డీటీపీ చేసినవాళ్ళది. పైగా అను ఫాంట్లలో ఉంటుంది. అవి యూనికోడ్ కావు కాబట్టి ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు ఉండీ లేనట్టే. కన్వర్టర్లున్నాయి, ఉచితంగానే దొరుకుతాయి, కానీ రచయిత బతికుండగా కూర్చుని తప్పులు దిద్దుకుంటేనే పాఠం సరిగా నిలుస్తుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన పోయాక ఆయన చివరి నవల కంప్యూటర్లోనే ఉండిపోయింది. ఇంట్లో ఎవరికీ పాస్‌వర్డ్ తెలియదు. ఆయన డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశాడు, కీ ఎక్కడా రాసిపెట్టలేదు. కొడుకు దాన్ని ఊళ్ళు తిప్పి చూపించాడు, ఏ మెకానిక్‌కూ సాధ్యపడలేదు. ఆ నవల మొదటి రెండు అధ్యాయాలు ఆయన నోట విన్నాను. మిగతాది చదివే భాగ్యం ఎవరికీ లేదు.

దొంగ చేతికి దొరక్కుండా చూసుకోవడం ఎంత అవసరమో, మనవాళ్ళ చేతికి దొరికేట్టు చూసుకోవడమూ అంతే అవసరం. పుదుచ్చేరి వదిలే ముందు రోజు నేను కొంత పని చేశాను. రంగపిళ్ళై అధ్యాయాలన్నీ యూనికోడ్‌లోకి మార్చినవి ఒకసారి సరిచూసి, ఒక ప్రతి క్లౌడ్‌లోకి పంపి, ఒక ప్రతి పెన్‌డ్రైవులో ఎక్కించి కొరియర్లో ఇంటికి వేశాను. గూగుల్ ఖాతాలో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే సదుపాయం 2013 నుంచి ఉంది. మనం నిర్ణయించిన కాలం పాటు ఖాతా తెరవకపోతే, మనం పేరు రాసిపెట్టిన మనిషికి మన ఫైళ్ళు అందుతాయి. మూడు నెలలు మొదలు ఏడాదిన్నర దాకా గడువు ఎంచుకోవచ్చు. నేను ఆరు నెలలు పెట్టి, మా అమ్మాయి పేరు రాశాను. ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేసి, ఏ ఫోల్డర్లో ఏముందో, ఏ అధ్యాయం ఎంతవరకు వచ్చిందో చెప్పాను. పెన్సిల్ తెచ్చుకుని రాసుకుంది.